ప్రసవం తర్వాత పొట్ట సర్జరీ: 90 వేలదా, 2.2 లక్షలదా?

ప్రశ్న: మాది విశాఖ ఎంవీపీ కాలనీ. నాకు 34 ఏళ్లు, ప్రైవేటు స్కూల్లో టీచర్ని. రెండూ సిజేరియన్లే, చిన్నవాడికి రెండున్నరేళ్లు. జారిన పొట్టకు లైపోసక్షన్ 90 వేలు, మినీ టమ్మీ టక్ 1.4 లక్షలు, ఫుల్ టమ్మీ టక్ 2.2 లక్షలు అన్నారు. ఇద్దరి జీతాలూ 92 వేలు, ఇంటి లోన్‌తో కలిపి ఖర్చు 60 వేలు. ఎఫ్‌డీలో 4 లక్షలున్నాయి. ఏది మేలు? ఈఎంఐకి వెళ్లమంటారా?

జవాబు: అమ్మా, రేటు చూసి సర్జరీని ఎంచుకోకండి. ముందు మీ పొట్టలో ఉన్నది కొవ్వా, వదులైన చర్మమా, విడిపోయిన కండరాలా అన్నది తేలాలి. లైపోసక్షన్ కొవ్వును మాత్రమే లాగుతుంది. బియ్యం తీసేసినంత మాత్రాన సంచి చిన్నదవదు కదా, చర్మం అలాగే వేలాడుతుంది. మినీలో బొడ్డు కింద భాగమే సరిచేస్తారు. ఫుల్‌లో ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా కోసి, అదనపు చర్మం తీసి, కండరాలను దగ్గరకు కుట్టి, బొడ్డును కొత్త చోట అమరుస్తారు.

ఇంట్లోనే ఒకసారి చూసుకోండి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, తల కొద్దిగా ఎత్తి, బొడ్డు పైనా కిందా మధ్యగీతపై వేళ్లు అడ్డంగా ఆనించండి. రెండు వేళ్లకు మించి సందు తగిలితే కండరాలు విడిపోయాయని అనుమానం. అలాంటప్పుడు 90 వేలు పెట్టి లైపో చేయించుకుంటే, ఏడాదికే మళ్లీ ఫుల్ గురించి వాకబు చేయాల్సి వస్తుంది. చివరి మాట మాత్రం ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ లేదా డీఎన్‌బీ (ఈ రంగంలో స్పెషలిస్టు డిగ్రీలు) చేసిన డాక్టరుదే.

సందుతో పాటు బొడ్డు దగ్గర ఉబ్బు ఉంటే హెర్నియా కావచ్చు. హెర్నియా రిపేరుకు, వెయిటింగ్ పీరియడ్ (పాలసీ తీసుకున్నాక ఆగాల్సిన గడువు) దాటితే, ఆరోగ్య బీమా వర్తిస్తుంది. అందం కోసం చేసే భాగానికి వర్తించదు. రెండూ కలిపి చేస్తే బిల్లు విడివిడిగా రాయించుకోండి. లేని హెర్నియాను కాగితం మీద చూపిద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. క్లెయిమ్ పోవడమే కాదు, పాలసీకే ఎసరు.

ఇక లెక్క. కాస్మెటిక్ సర్జరీకి 18 శాతం జీఎస్టీ ఉంది. మీకు చెప్పిన 2.2 లక్షల్లో అది లేకపోతే మరో 39,600 కలిసి 2,59,600 అవుతుంది. మత్తు డాక్టరు ఫీజు, టెస్టులు, ఆపరేషన్ తర్వాత పొట్టకు బిగించే రెండు బెల్టులు, అదనపు రోజు గది ప్యాకేజీలో ఉన్నాయా అని అడగండి. కుట్ల కింద నీరు చేరితే (సెరోమా) సిరంజితో తీయడానికి, మచ్చ కొసల్లో చర్మం ఉబ్బితే సరిచేయడానికి ఎంత తీసుకుంటారో రాతపూర్వకంగా తీసుకోండి. కాస్మెటిక్ ఆపరేషన్ వికటిస్తే అయ్యే ఖర్చుకు కూడా బీమా సాధారణంగా రాదు. అందుకని అన్నీ కలిపి 3 లక్షలు అనుకోండి.

2.6 లక్షలు 14 శాతం వడ్డీకి రెండేళ్ల పర్సనల్ లోన్ తీసుకుంటే ఈఎంఐ సుమారు 12,480. వడ్డీ దాదాపు 39,600, అంటే జీఎస్టీని రెండోసారి కట్టినట్టే. 'నో కాస్ట్' ఈఎంఐలో ప్రాసెసింగ్ ఫీజు ఎంతో, నగదుకైతే ఎంత తగ్గిస్తారో పక్కపక్కన పెట్టి చూడండి. ఎఫ్‌డీని కదపకండి. మీ ఖర్చుకు ఆరు నెలల నిల్వ 3.6 లక్షలు ఉండాలి, ఆ నిల్వ ఈ ఎఫ్‌డీయే. నెలకు మిగిలే 32 వేలలో 22 వేలు ఆర్‌డీలో వేస్తే, 6.5 శాతం వడ్డీతో 13 నెలల్లో దాదాపు 2.97 లక్షలు.

ఆ గడువు వృథా కాదు. బరువు కనీసం ఆరు నెలలు నిలకడగా ఉన్నాకే ఈ సర్జరీ చేయడం మేలు. మూడో బిడ్డ ఆలోచన ఉంటే అసలు వాయిదా వేయండి, మళ్లీ గర్భం వస్తే కుట్టిన కండరాలు సాగిపోతాయి. ఫుల్ తర్వాత దాదాపు ఆరు వారాలు బరువులెత్తకూడదు, చిన్నవాడిని చంకనెత్తుకోవడం కూడా అందులోకే వస్తుంది. కాబట్టి వేసవి సెలవులే నయం, విడిగా సెలవు పెట్టక్కర్లేదు. కాకపోతే విశాఖ ఉక్కపోతలో ఆ బెల్టు కింద చెమటకాయలు ఖాయం. లోపల పలచటి నూలు బనియన్ వేసుకుని, రెండు బెల్టులు మార్చుకుంటూ ఉతకండి. ఏసీ కరెంటు బిల్లునూ, పిల్లాడిని చూసుకునే మనిషి జీతాన్నీ ఆ 3 లక్షల్లోనే రాసుకోండి.