అల్లుడా, ఆ జాగా కుదువపెట్టే ముందు ఇది చదువు

అల్లుడా,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. దుబాయ్ వీసా ఇప్పిస్తానని ఎవరో ఏజెంటు లక్షా ఇరవై వేలు అడుగుతున్నాడట, ఇంటి వెనకున్న పది గుంటల జాగా కుదువపెడదామా తమ్మీ అని అడిగింది. వద్దన్నాను. నువ్వు వెళ్లొద్దని కాదు. నేనూ వెళ్లినవాడినే, పద్నాలుగేళ్లు చేశాను, మీ చిన్నమ్మ పెళ్లి ఆ పైసలతోనే అయింది. కానీ అప్పు నెత్తిన పెట్టుకొని విమానం ఎక్కితే ఏమవుతుందో మన ఊళ్లో తిరిగొచ్చినవాళ్లు ఎవరూ నోరు విప్పి చెప్పరు. నేనూ ఇన్నేళ్లు చెప్పలేదు, అది నా తప్పే.

1996లో అరవై వేలు అప్పు తెచ్చి, నూటికి మూడు రూపాయల మిత్తికి, జగిత్యాల నుంచి బొంబాయి పోయి అక్కడ ఇరవై రోజులు ఒక రూంలో పడి ఉండి వెళ్లాను. డ్రైవర్ పని అన్నారు. దిగిన మూడో రోజు షట్టరింగ్ పనికి బస్సెక్కించారు. జీతం 600 దిర్హాంలు, అంటే అప్పటి లెక్కన ఆరు వేలకు తక్కువే. అందులో మిత్తికే 1,800 పోవాలి, తిండికి ఇంకో పదిహేను వందలు. ఇది నాకు చెప్పిన పని కాదు, వాపస్ పంపండి అని ఎందుకు అనలేదని నువ్వు అడగొచ్చు. వాపస్ వస్తే ఆ అరవై వేలు ఎవరు కట్టాలి? అక్కడ మనవాళ్లు ఎండలో పడి, మాటలు పడి, నెలల తరబడి జీతం రాకపోయినా కదలకుండా ఉండేది భయస్తులై కాదు బిడ్డా, ఊళ్లో తిరుగుతున్న మిత్తి వాళ్లను కదలనివ్వదు.

అందుకే మొదట ఏజెంటు సంగతి తేల్చుకో. మన దేశంలో లైసెన్స్ ఉన్న ఏజెంటు నీ దగ్గర తీసుకోవాల్సింది ఎక్కువలో ఎక్కువ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతే, దానికి రసీదు కూడా ఇవ్వాలి. లైసెన్స్ ఉందో లేదో సర్కారు వాళ్ల ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూడొచ్చు, నీకు రాకపోతే నేను చూస్తాను. నువ్వు పది తప్పావు కాబట్టి నీ పాస్‌పోర్టు ఈసీఆర్ కిందికి వస్తుంది, అంటే పనికి వెళ్లాలంటే ముందు మన సర్కారు అనుమతి, ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అంటారు, అది కావాలి. అదంతా పెద్ద టెన్షన్, విజిట్ వీసా మీద పోదాం, అక్కడికి పోయాక మార్చుకుందాం అని వాడు అంటే ఆ మాటతోనే లేచి వచ్చెయ్. విజిట్ వీసా మీద పని చేయడం అక్కడ నేరం. గడువు దాటితే రోజుకు 50 దిర్హాంల జుర్మానా పడుతుంది, అట్లా ఖల్లివెల్లి అయినవాళ్లు, అంటే సరైన కాగితాలు లేకుండా అక్కడే ఉండిపోయినవాళ్లు, జ్వరం వచ్చినా దవాఖానకు పోవడానికి భయపడేవాళ్లు, నా రూంలోనే చూశాను. క్లియరెన్స్‌తో పోతే ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది, రెండేళ్లకు 275 రూపాయలు, ప్రమాదంలో ఏమైనా జరిగితే ఇంటికి 10 లక్షలు.

ఆఫర్ లెటర్‌లో జీతం మొత్తం ఎంత అని మాత్రమే చూడకు, బేసిక్, అంటే అలవెన్సులు కలపని అసలు జీతం, ఎంతో చూడు. అక్కడ పని వదిలేసి వచ్చేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ, మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల చొప్పున, బేసిక్ మీదే కడతారు, ఓవర్‌టైం కూడా అంతే. నాకు బేసిక్ తక్కువ, అలవెన్స్ ఎక్కువ రాశారు, పద్నాలుగేళ్ల తర్వాత చేతికొచ్చింది చూసి కూర్చుండిపోయాను. ఇక పాస్‌పోర్టు. దాన్ని కంపెనీ దగ్గర పెట్టుకోవడానికి అక్కడి చట్టం ఒప్పుకోదు. అయినా అడుగుతారు. కనీసం దాని జిరాక్సు, వీసా, కాంట్రాక్టు ఫోటోలు నీ ఫోన్లోనూ మీ అమ్మ ఫోన్లోనూ ఉండాలి.

సామాన్లో గసగసాలు పెట్టొద్దని అమ్మకు చెప్పు, మసాలాలో కూడా వద్దు. అక్కడ అవి నిషేధం, జైల్లో పెడతారు. పక్కింటివాళ్లు మావాడికివ్వు అని ఇచ్చే ప్యాకెట్ ఎంత దగ్గరివాళ్లదైనా తీసుకోకు.

ఎండ సంగతి నువ్వు ఊహించలేవు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా బయట పని చేయించకూడదని రూల్ ఉంది, కానీ పొద్దున ఐదింటికే ఒళ్లు తడిసిపోతుంది. నల్లా తిప్పితే కాలిపోయే నీళ్లొస్తాయి, మేము రాత్రే బకెట్లో పట్టి పెట్టుకునేవాళ్లం. దాహం వేయకపోయినా నీళ్లు తాగు. లబన్ దొరుకుతుంది, మన మజ్జిగలాంటిదే.

ఒక్క మాట మాత్రం నాకు కష్టంగా ఉన్నా చెప్తాను. అప్పుడు ఉత్తరాలు రాయడం చాతకాక క్యాసెట్లలో మాటలు రికార్డు చేసి పంపేవాళ్లం. నేను ఏసీ ఆఫీసులో పని అని చెప్పాను. మీ తాత ఊరంతా చెప్పుకున్నాడు. ఆ ధైర్యంతో ఇంట్లో స్లాబ్ వేయడానికి ఇంకో అప్పు చేశారు, ఆ అప్పు కోసం నేను ఇంకో మూడేళ్లు ఉన్నాను. ఆ మూడేళ్లలోనే మీ తాత పోయాడు. పాస్‌పోర్టు కంపెనీ లాకర్లో ఉంది, సెలవు దొరికేసరికి తొమ్మిదో రోజు. నేను షట్టరింగ్ పని చేస్తున్నానని ఆయనకు తెలియకుండానే పోయాడు. నీకు ఇప్పుడు వీడియో కాల్ ఉంది కదా, నీ రూం, నీ మంచం, ఎంత జీతం వచ్చిందో, అన్నీ మొదటి నెలే అమ్మకు చూపించు. ఆమె ఏడుస్తుంది. ఏడవనీ. దాన్నిబట్టి ఇంట్లో ఖర్చు చేసుకుంటారు.

ఈ ఆదివారం ఆ ఏజెంటు ఇచ్చిన కాగితాలు అన్నీ పట్టుకొని నా దగ్గరికి రా, వాడి దగ్గరికి ఇద్దరం కలిసే పోదాం. అప్పటిదాకా జాగా కాగితాలు మీ అమ్మ పెట్టెలోనే ఉండనీ. పైలం బిడ్డా.

మీ మామ