గ్యారేజీ ప్రశ్నలు: రంగు సంగతి తర్వాత, ముందు ట్యాంకు దించండి

ఈసారి ఉత్తరాలన్నీ దాదాపు పాత అమెరికన్ మజిల్ కార్ల (పెద్ద ఇంజన్ వేసిన స్పీడు కార్ల) మీదే వచ్చాయి, అందుకే మిగతావి పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నా.

ప్రశ్న: నమస్తే అండీ. మిషిగన్‌లో చాలాకాలం బాడీ షాపులో పనిచేసి ఈమధ్యే సొంతంగా చిన్న షాపు పెట్టుకున్నా. ఒక కస్టమర్ 1970 షెవ్రొలే షెవెల్ ఎస్ఎస్ (సూపర్ స్పోర్ట్) తెచ్చాడు, పైన ఎరుపు, గీరితే కింద నీలం కనిపిస్తోంది, తుప్పు కూడా బాగానే ఉంది. ఆయనకేమో క్యాండీ ఎరుపు (కింది మెరుపు కనబడే పారదర్శక రంగు) మీద నల్ల చారలు కావాలి, వాళ్ళావిడేమో కంపెనీ రంగే వేయిస్తే రేపు అమ్మినా రేటు పలుకుతుంది అంటోంది. ఇద్దరూ కలిసి నన్ను మధ్యలో కూర్చోబెట్టారు. ఏం చెప్పమంటారు?

జవాబు: మొగుడూ పెళ్ళాల పంచాయితీలోకి మీరెందుకండీ, ఆ తీర్పు కారే ఇస్తుంది, కాకపోతే కారుని సరిగ్గా అడగాలి. ముందు అది నిజంగా ఎస్ఎస్సేనా? 1966 నుంచి 68 దాకా షెవెల్ ఎస్ఎస్‌కి వేరే సిరీస్ ఉండేది, విన్ నంబరు (కారు గుర్తింపు సంఖ్య) 138తో మొదలైతే చాలు, తెలిసిపోయేది. 69, 70 మోడళ్ళకి వచ్చేసరికి ఎస్ఎస్ అనేది ఉత్త ఆప్షన్ ప్యాకేజీ అయిపోయింది, 70లో వీ8 ఇంజనున్న మాలిబు (షెవెల్‌లోనే మామూలు రకం) కూపే అయినా ఎస్ఎస్ కూపే అయినా విన్ అదే 13637తోనే మొదలవుతుంది. గ్రిల్ మీద బ్యాడ్జి చూసి నమ్మితే మాత్రం పప్పులో కాలేసినట్టే, ఆ బ్యాడ్జీలు కొత్తవి ఎవరు డబ్బులిస్తే వాళ్ళకి దొరుకుతాయి.

అందుకే పెట్రోలు ట్యాంకు దించండి. ఫ్యాక్టరీలో ఆ కారుకి ఏమేం బిగించాలో రాసిన బిల్డ్ షీట్ అని ఒక కాగితం ఉంటుంది, చాలా కార్లలో అది ట్యాంకు పైభాగానికీ ఫ్లోరుకీ మధ్య ఇరుక్కుని ఉండిపోయింది, కొన్నిట్లో వెనక సీటు స్ప్రింగుల్లో దొరుకుతుంది. యాభై ఏళ్ళు దాటిన కాగితం, తుప్పు మరకలు, ఎలకలు కొరికిన అంచులు, మడత దగ్గర ముట్టుకుంటే పొడి రాలుతుంది. దొరికిన ఆనందంలో లాగేయకండి. ముందు ఎక్కడుందో అక్కడే ఫోటోలు తీసి, పల్చటి ప్లాస్టిక్ స్క్రేపర్ కిందికి జొనిపి నెమ్మదిగా లేపి, తిన్నగా ప్లాస్టిక్ కవర్లో పెట్టి కస్టమర్ చేతికే ఇచ్చెయ్యండి. ఒక్కోసారి ఫ్యాక్టరీ లైన్లో పక్కనున్న కారు కాగితం ఇందులో దొరుకుతుంది, కాబట్టి దాని మీద నంబరూ విన్నూ పోల్చి చూసుకోండి. ఇంజన్‌కి కుడివైపు హెడ్ ముందు ఒక చదును ప్యాడ్ ఉంటుంది, ఇంజన్ కోడూ విన్‌లో కొంత భాగమూ గుద్ది ఉండేది అక్కడే. డిగ్రీజర్‌తో మెత్తగా తుడవండి, గ్రైండరూ వైరు బ్రష్షూ ఆ దరిదాపులకి రాకూడదు, ఇంజన్ మెషీన్ షాపుకి వెళ్ళేటప్పుడు ఈ మాట వాళ్ళకీ చెప్పండి, డెక్ (ఇంజన్ బ్లాకు పైతలం) చదును చేస్తే నంబరు కాస్తా ఎగిరిపోతుంది. ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ లోపలి సీట్లకీ మధ్య రేకు) మీద రివెట్లు కొట్టిన ట్యాగు మీద పుట్టినప్పటి రంగు కోడ్ ఉంటుంది, మీరు గీరితే కనబడ్డ నీలం అదేనో కాదో అక్కడ తేలుతుంది.

ఇప్పుడు అసలు విషయం. కాగితం దొరికి అది 454 ఇంజన్, అందులోనూ అన్నిటికన్నా బలమైన 450 హార్స్‌పవర్ ఎల్ఎస్6 రకం అని తేలి ఇంజన్ కూడా అదే అయితే, క్యాండీ వేస్తే ఆయన ఎంత పోగొట్టుకుంటాడో మొహమాటం లేకుండా చెప్పండి. విన్నాక కూడా నాకిదే కావాలి అంటే కారు ఆయనది, వేసెయ్యండి, కానీ ఆ సంభాషణ కాగితం మీద ఉండాలి. అదే మామూలు మాలిబు అని తేలిందనుకోండి, నన్నడిగితే అది ఇంకా మంచిది, ఎవరి అనుమతీ అక్కర్లేదు, క్యాండీ వేసుకోండి చారలు వేసుకోండి, అమ్మేరోజున మాత్రం ట్రిబ్యూట్ (అసలుది కాదు, దాన్ని పోలినది) అని చెప్పి అమ్మాలి, అంతే.

ఒకవేళ కంపెనీ రంగుకే ఓటు పడితే ఒక చిక్కుంది. ఆ రోజుల్లో జీఎం వాళ్ళు (షెవ్రొలే మాతృసంస్థ) కొట్టింది యాక్రిలిక్ లాకరు అనే రంగు, దాని మెరుపు ఇప్పటి క్లియర్ కోట్ (రంగు మీద వేసే పారదర్శక పొర) అంత తడితడిగా ఉండదు, ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడే అక్కడక్కడా నారింజ తొక్కలా గరుకుండేది, డోర్ల గ్యాపులు కూడా అంతంతమాత్రమే. అద్దంలా చేసిచ్చి ఒరిజినల్ అని పోటీకి పంపితే జడ్జీలు మార్కులు కోస్తారు. నడపడానికా పోటీకా అన్నది మొదటిరోజే తేల్చుకోండి.

ప్రశ్న: కాలిఫోర్నియాలో షాపు ఉంది అన్నా. 69 కమారోకి రెస్టొరేషన్ మొత్తానికి ఒకే రేటు చెప్పా, రంగు లేపేసరికి లోపలంతా లప్పమే, ఎక్స్‌ట్రా అడిగితే కస్టమర్ మండిపడుతున్నాడు. తప్పెవరిది?

జవాబు: తమ్ముడూ, కోపం రాకేం చేస్తుంది చెప్పు. రంగు లేపకుండా మొత్తానికి ఒకే అంకె చెప్పకూడదు. మొదటి ఎస్టిమేట్ విప్పడానికీ రంగు తియ్యడానికీ మాత్రమే, రేకు కనబడ్డాక రెండోది, ఆ తర్వాతే రంగు ఊసు. మీ రాష్ట్రంలో రాతపూర్వక ఎస్టిమేట్ లేకుండా పని మొదలెట్టకూడదు, అది దాటితే చేసేముందే కస్టమర్ ఒప్పుకోలు తీసుకోవాలి, ఇది చట్టమే. అడక్కుండా చేసేసిన పనికి డబ్బు అడగడం కష్టం, కాబట్టి ఇప్పుడైనా పని ఆపేసి, ఆయన్ని షాపుకి పిలిచి, ఊడొచ్చిన లప్పం ముక్కలు చేతిలో పెట్టి, రేకు చూపించి మాట్లాడు. ఫోన్లో ఇది తెగదు.

ఇకముందు కారు ఒప్పుకునేప్పుడే మందం కొలిచే గేజ్ తిప్పు. కంపెనీ రంగు సుమారు 4 నుంచి 7 మిల్స్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యోవంతు) ఉంటుంది, ఎక్కడైనా 20 దాటిందంటే కింద లప్పం ఉన్నట్టే, గేజ్ లేకపోతే చిన్న అయస్కాంతమైనా చాలు, లప్పం మీద అది సరిగ్గా అంటదు. వెనక అద్దం కింది అంచు, డిక్కీ ఫ్లోరు, వెనక చక్రాల చుట్టూ, క్వార్టర్ ప్యానెల్ (వెనక చక్రం చుట్టూ ఉండే పక్క రేకు) కింది భాగం, వైపర్ల కింద ఉండే రేకు (కౌల్), ఇవి ముందు చూడాలి. వినైల్ రూఫ్ ఉన్న కారయితే మరీ జాగ్రత్త, ఆ గుడ్డ కింద నీళ్ళు నిలిచి రేకు జల్లెడైపోయి ఉంటుంది, పైకి మాత్రం ఏమీ కనపడదు.

రంగు లేపడానికి తొందరపడి బానెట్, రూఫ్, డోర్ రేకుల మీద ఇసుక బ్లాస్టింగ్ కొట్టించకు, పల్చటి చదును రేకు వంకర పోయిందంటే మళ్ళీ దారికి రావడం గగనం. ఇసుక బదులు సోడా పొడితో కొట్టిస్తే రేకు చెడదు కానీ ఆ పొడి సందుల్లో మిగిలితే ప్రైమర్ పట్టదు, బాగా కడిగి న్యూట్రల్ చేశాకే ముందుకెళ్ళాలి. ఇంకో మాట, రూఫూ క్వార్టర్ ప్యానెలూ కలిసే చోట ఫ్యాక్టరీ వాళ్ళు సీసంతో అతుకు నింపేవాళ్ళు, అక్కడ పొడిగా గ్రైండర్ పెట్టి ఆ ధూళి పీల్చకు.

ప్రశ్న: క్యాండీ పెయింట్ మొదటిసారి కొట్టబోతున్నాం, డోర్లూ ఫెండర్లూ విడిగా పెట్టి కొట్టొచ్చా? చారలు చేత్తో తడిమితే అంచు తగలకూడదంటే ఎలా?

జవాబు: డోర్ల లోపలి అంచులు, బానెట్ అడుగు విడిగా కొట్టండి, పైభాగం మాత్రం అన్నీ కారుకి బిగించే కొట్టండి. క్యాండీ అంటే రంగు గాజులాంటి రంగు, కింద వెండి బేసో బంగారు బేసో ఉంటుంది, దాని మీద పారదర్శకంగా కోటు మీద కోటు, ప్రతి కోటుకీ రంగు ముదురుతుంది. ఒక డోర్‌కి ఒక కోటు ఎక్కువైనా, స్ప్రే గన్ కాస్త దగ్గరగా పోయినా, ఎండలో పెట్టినప్పుడు పక్క ఫెండర్‌తో కలవదు. మెటాలిక్ బేస్ ఉంది కాబట్టి పడుకోబెట్టి కొట్టిన ప్యానెల్‌లో రేణువులు ఒకలా సర్దుకుంటాయి, నిలబెట్టి కొట్టినదాంట్లో ఇంకోలా, పక్కపక్కన పెడితే రెండు బకెట్ల రంగులా కనిపిస్తాయి. అంచుల దగ్గర గన్ తిరిగేచోట రెండు పొరలు పడి చీకటి పట్టీలు వస్తాయి, అందుకే ప్యానెల్ దాటాకే గన్ ఆపాలి.

దీనికి మందు టెస్ట్ కార్డులు. అదే బేసు, అదే గన్, అదే గాలి ఒత్తిడితో నాలుగైదు కార్డులు కొట్టి, ఒకదానికి రెండు కోట్లు, ఇంకోదానికి మూడు, అలా పెంచుతూ వెనకాల కోట్ల లెక్క రాసి, క్లియర్ కూడా వేసి, కస్టమర్‌ని బయట ఎండలోకి తీసుకెళ్ళి చూపించండి, ట్యూబులైటు కింద వద్దు. ఆయన ఎంచుకున్న కార్డు మీద సంతకం తీసుకోండి. రేపెప్పుడైనా గీత పడితే అక్కడికక్కడ టచప్ అవ్వదనీ ప్యానెల్ మొత్తం, ఒక్కోసారి పక్క ప్యానెల్ కూడా కొట్టాల్సి వస్తుందనీ, ఎర్ర క్యాండీలు ఎండలో వదిలేస్తే వెలుస్తాయనీ ముందే చెప్పండి. జాన్ కాస్మోస్కీ 1956లో హౌస్ ఆఫ్ కలర్ అనే పెయింట్ కంపెనీ మొదలెట్టిన దగ్గర్నుంచీ ఈ క్యాండీల మోజు తగ్గలేదు కానీ రిపేరు బాధ కూడా అప్పట్నుంచీ అలాగే ఉంది.

ఇక చారలు. కొలతలు బానెట్ అంచు నుంచి తియ్యకండి, పాత కార్లలో రెండువైపులా గ్యాపు ఒకేలా ఉండదు, ముందు నుంచి వెనక దాకా దారం లాగి మధ్య గీత వేసుకుని అక్కణ్ణుంచి కొలవండి, తర్వాత నాలుగడుగులు వెనక్కెళ్ళి చూడండి, డ్రైవర్ సీట్లో కూర్చుని కూడా చూడండి. కొలత కరెక్టే అయినా కంటికి వంకరగా ఉంటే కంటి మాటే వినండి. ఫైన్‌లైన్ టేపు (అంచు నీటుగా వచ్చే సన్నటి టేపు) వేసి, చార రంగు పల్చగా కొట్టి, పూర్తిగా గట్టిపడకముందే టేపుని వెనక్కి మడిచి లాగండి. ఆ మీద క్లియర్ రెండు మూడు కోట్లు, బాగా ఆరాక 600 వాటర్ పేపర్‌తో బ్లాక్ పట్టి చదును చేసి, మళ్ళీ క్లియర్. అప్పుడు కళ్ళు మూసుకుని తడిమినా చార ఎక్కడుందో తెలీదు.

ప్రశ్న: మా ఆయన 68 మస్టాంగ్‌కి ఇంటి గ్యారేజీలోనే రంగు కొడతానంటున్నారండీ, మాస్క్ ఉంది కదా ఏం కాదు అంటారు. ఇంట్లో చిన్నపిల్లలున్నారు. నిజంగా ఏం కాదా?

జవాబు: అవుతుందమ్మా. ఈ జవాబు ఆయనకి చదివి వినిపించండి. ఇప్పటి గట్టి క్లియర్లలో కలిపే హార్డెనర్లో ఐసోసైనేట్లు ఉంటాయి, అవి పీలిస్తే ఆస్తమా వస్తుంది, ఒకసారి ఒంటికి పడకుండా పోతే ఆ తర్వాత కొంచెం తగిలినా ఊపిరాడదు. వాసన రాలేదు కదా అనుకోడానికి లేదు, ప్రమాదకరమైన మోతాదులో ఉన్నా ముక్కుకి తెలియకపోవచ్చు. వీటికి బయట నుంచి మంచి గాలి పైపుతో వచ్చే మాస్క్ వాడాలి, చేతులూ ఒళ్ళూ కూడా కప్పుకోవాలి. పైగా చాలా గ్యారేజీల్లో గ్యాస్ వాటర్ హీటర్ ఉంటుంది, దాని పైలట్ మంట చాలు థిన్నర్ ఆవిరి అంటుకోడానికి. ఆయన సరదా చంపక్కర్లేదు, విప్పడం, లప్పం దిద్దడం, ఉప్పు కాగితం పట్టి బ్లాక్ చేయడం ఇంట్లో చేసుకోమనండి, అదీ దుమ్ము మాస్క్ పెట్టుకుని, పాత రంగులో సీసం ఉండొచ్చు కాబట్టి తడిపి రుద్దుతూ, పిల్లల్ని అటు రానివ్వకుండా. పనిలో ఎక్కువ భాగం అదే. స్ప్రే మాత్రం బూత్ అద్దెకిచ్చే షాపులో, వాళ్ళ గాలి మాస్క్‌తోనే.

ప్రశ్న: రంగు కొట్టించి వారమైంది, వ్యాక్స్ పెట్టొచ్చా?

జవాబు: ఆగండి. షాపులో ఏ క్లియర్ వాడారో అడిగి ఆ కంపెనీ కాగితం చూడండి, చాలావాటికి రెండు మూడు నెలలు ఆగమనే ఉంటుంది, లోపలి సాల్వెంటు పూర్తిగా బయటికి పోవాలి. అప్పటిదాకా నీడలో మెత్తటి గుడ్డతో నీళ్ళు పోసి కడుక్కోండి, పిట్ట రెట్ట పడితే మాత్రం ఎండేదాకా చూడకుండా వెంటనే తుడిచెయ్యండి.