విండో స్థితి ‘మార్చబడింది’ అనాలా, ‘మారింది’ అనాలా?

సందేహం: క్యూటీలో (Qt, విండోలున్న ప్రోగ్రామ్‌లు రాసే టూల్‌కిట్) రాసిన ప్రోగ్రామ్ ఒకటి విండోస్, మాక్, లైనక్స్ మూడింటి మీదా నడవాలి, దానికి తెలుగులో మెసేజ్‌లూ కామెంట్లూ రాస్తున్నానండి. విండో స్థితి మారినప్పుడు వచ్చే విండోస్టేట్‌చేంజ్ ఈవెంట్ దగ్గర ‘విండో స్థితి మార్చబడింది’ అని రాస్తే మా టీమ్‌లో ఒకాయన ‘మారింది’ చాలన్నారు. ఏది కరెక్టు? మినిమైజ్‌కి ‘కనిష్ఠీకరించబడింది’ అనొచ్చా?

సమాధానం: ఆయన చెప్పిందే కరెక్టండి. మన క్రియల్లో మారు–మార్చు, తగ్గు–తగ్గించు, పెరుగు–పెంచు, దాగు–దాచు అని జంటలున్నాయి కదా, మొదటిది దానంతట జరిగినట్టు చెప్తుంది, రెండోది ఎవరో చేసినట్టు. ‘మార్చబడింది’ అన్నామంటే మార్చినవాడు ఒకడున్నాడని ఒప్పుకున్నట్టే, కానీ ఆ ఈవెంట్ వచ్చినప్పుడు యూజర్ బటన్ నొక్కాడో, మన కోడే అడిగిందో, సిస్టమ్ తనంతట మార్చిందో అందులో ఉండదు, పాత స్థితి ఏంటన్నది మాత్రం ఓల్డ్‌స్టేట్‌లో దొరుకుతుంది. అంటే ‘మారింది’ వినడానికి బావుండటమే కాదు, నిజం కూడా అదే. ‘మార్చు’ని మన కోడే స్థితి మార్చే చోటికి, అంటే సెట్‌విండోస్టేట్ పిలిచే చోటికి ఉంచుకోండి.

‘కనిష్ఠీకరించబడింది’ మాత్రం వద్దండి, ఎవరూ అలా అనరు, చదివినవాళ్ళు ఒక క్షణం ఆగి ఇంగ్లీషులోకి మార్చుకుని అర్థం చేసుకోవాలి. మినిమైజ్ అనే ఉంచి అవు, చేయు తగిలిస్తే చాలు, ఆ జంట ఇక్కడా పనిచేస్తుంది: ‘మినిమైజ్ అయింది’, ‘మినిమైజ్ చేశాం’.

మీరు అడగలేదు గానీ నాకు ఇంకా ముఖ్యం అనిపించేది ‘అయింది’కీ ‘అయి ఉంది’కీ ఉన్న తేడా. ‘మినిమైజ్ అయింది’ అంటే ఇప్పుడే జరిగిన మార్పు, ‘అయి ఉంది’ అంటే ప్రస్తుతం ఉన్న స్థితి. ఈవెంట్ వచ్చినప్పుడు నడిచే కోడ్ (ఈవెంట్ హ్యాండ్లర్) దగ్గర మొదటిది, ఇప్పుడున్న స్థితిని అడిగే ఈజ్‌మినిమైజ్డ్ దగ్గర ‘మినిమైజ్ అయి ఉందా?’ అని రెండోది. ఇది కలిపేస్తే చదివేవాళ్ళు తప్పు దారి పడతారు, ఎందుకంటే క్యూటీలో స్థితులు జెండాల్లాంటివి (ఫ్లాగ్‌లు), ఒకేసారి రెండు ఉండొచ్చు, మాక్సిమైజ్ అయి ఉన్న విండోని మినిమైజ్ చేస్తే రెండు జెండాలూ ఉంటాయి, అందుకే మళ్ళీ పైకి తెస్తే మాక్సిమైజ్‌గానే వస్తుంది. ‘మినిమైజ్ అయింది కాబట్టి ఇక మాక్సిమైజ్‌లో లేదు’ అని రాస్తే అబద్ధం. రిస్టోర్‌ని ‘మామూలు సైజుకి వచ్చింది’ అనడమూ ఇందుకే సరికాదు, ‘ముందున్న స్థితికి వచ్చింది’ అనండి.

‘చేశాం’ విషయంలోనూ జాగ్రత్తండి. లైనక్స్‌లో వేలాండ్ (ప్రోగ్రామ్‌ల విండోల్ని స్క్రీన్ మీద చూపించడానికి వాడే ప్రోటోకాల్) మీద ప్రోగ్రామ్ తన విండోని మినిమైజ్ చెయ్యమని అడగగలదు అంతే, నిజంగా అయిందో లేదో ఆ ప్రోటోకాల్ తిరిగి చెప్పదు, కాబట్టి అక్కడ లాగ్‌లో ‘మినిమైజ్ చేశాం’ అని రాస్తే మనకి తెలియనిది చెప్పినట్టవుతుంది, ‘మినిమైజ్ చెయ్యమని అడిగాం’ అని రాయండి. జావాలో, డబ్ల్యూఎక్స్‌విడ్జెట్స్ అనే ఇంకో టూల్‌కిట్‌లో ఇదే పనికి ఐకనిఫై, ఐకనైజ్ అని పేర్లుంటాయి, స్క్రీన్ మీద చదివేవాళ్ళకి ఆ తేడా అక్కర్లేదు, అన్నిచోట్లా మినిమైజ్ అనే పెట్టండి.