చెప్పు జారిపోయినా తెలియడం లేదంటే...

ప్రశ్న: నాకు 58 ఏళ్లు. పదహారేళ్లుగా షుగర్, మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వాడుతున్నాను. ఏడాదిగా రాత్రి పడుకోగానే అరికాళ్లు కారం రాసినట్టు మండుతున్నాయి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేను. మెడికల్ షాపులో నొప్పి బిళ్లలు తెచ్చుకుంటున్నా, వేడినీళ్లలో కాళ్లు పెడుతున్నా. మొన్న కొట్టు నుంచి ఇంటికొచ్చి చూస్తే ఒక కాలికి చెప్పు లేదు. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 9.4. మంట తగ్గేదెలా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మంట గురించి అంత రాసి చెప్పు సంగతి ఒక్క ముక్కలో తేల్చేశారు, నాకేమో దాంతోనే భయం. ఏళ్ల తరబడి షుగర్ ఎక్కువగా ఉంటే పాదాలకు వెళ్లే పొడవాటి నరాలు ముందు దెబ్బతింటాయి. దెబ్బతింటున్న నరం మంట పుట్టిస్తుంది, పూర్తిగా చచ్చిన నరం ఏమీ చెప్పదు. కాబట్టి మంట దానంతటదే పోయినా నయమైపోయిందని సంబరపడకండి.

వేడినీళ్లు ఈ రాత్రి నుంచే మానండి. స్పర్శ తగ్గిన కాలికి నీళ్లెంత వేడో తెలియదు, పొద్దున లేచి బొబ్బలు చూసుకుని పరుగెత్తుకొచ్చేవాళ్లు ఎందరో. డైక్లోఫినాక్ లాంటి నొప్పి బిళ్లలు నరాల మంటకు పెద్దగా పనిచేయవు, పైగా కిడ్నీలకు చేటు. దీనికి ప్రీగాబలిన్, డులోక్సెటిన్ లాంటి మందులు వేరే ఉన్నాయి. మీ డాక్టరు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూసి, తక్కువ మోతాదుతో మొదలుపెట్టి పెంచుతారు. మొదట్లో మత్తుగా ఉండొచ్చు, గుణం కనబడటానికి కొన్ని వారాలు పడుతుంది, నాలుగు రోజులకే పనిచేయడం లేదని మానేయకండి. ఇన్నేళ్లు మెట్‌ఫార్మిన్ వాడారు కదా, విటమిన్ బీ12 కూడా చూపించుకోండి, అది తగ్గినా ఇలాగే తిమ్మిర్లొస్తాయి.

షుగర్ తగ్గించాల్సిందే. అలాగని నెలలో దించేద్దామని అన్నం మానేసి కూర్చోకండి, మరీ వేగంగా దించితే ఒక్కోసారి మంట ఇంకా పెరుగుతుంది.

ఇక పాదాలు. రోజూ రాత్రి అద్దం పెట్టుకుని అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోండి, కళ్లు ఆనకపోతే ఇంట్లోవాళ్లను చూడమనండి. ఆనెకాయలు బ్లేడుతో కోసుకోవద్దు (మన ఊళ్లలో ఇదో అలవాటు). హవాయి చెప్పులు పక్కన పడేసి, వెనక పట్టీ ఉన్న మెత్తటి ఎంసీఆర్ (మైక్రో సెల్యులార్ రబ్బరు) చెప్పులు కొనండి, ఇంట్లోనూ వేసుకోండి. గుళ్లో ఎండకు కాలిన బండల మీద ఉత్తికాళ్లతో ప్రదక్షిణలు వద్దు.

ఈ వారంలోనే డాక్టరు దగ్గరికెళ్లి, సన్నటి నైలాన్ పోగుతో పాదాల స్పర్శ చూసే పరీక్ష చేయమని అడగండి. కంట్లో రెటీనా, మూత్రంలో ఆల్బుమిన్ (కిడ్నీలు దెబ్బతింటే బయటికొచ్చే ప్రొటీన్) ఎప్పుడు చూపించుకున్నారో మీరు రాయలేదు. ఏడాది దాటితే అవి కూడా.