లూపులో ఇరుక్కున్న పాట

తమ్ముడూ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన మూడు పాటలూ విన్నాను. రెండో పాటలో "బస్సు దిగితే ఊరు నన్ను గుర్తుపట్టలేదు" అన్నావే, అది బాగుంది. ఇక తిట్లు.

నాకు ఒళ్లు మండింది పాటలకు కాదు, కింద రాసిన ముక్కకి: "యాప్‌లో ట్యూన్ చేశాను సార్, గంటలో అయిపోయింది." అయిపోయింది నిజమే. మొదటి పాట పల్లవి చూడు, "నీ కల వెనకే నడిచానే". ట్యూన్ "క" దగ్గర సాగింది. మా ఆవిడ వంటింట్లోంచి విని, "ఏ కాలవ వెనకాల నడిచాడట?" అంది. లఘువుని గురువు మీద కూర్చోబెడితే జరిగేది అదే.

శ్రుతి మాత్రం ఎక్కడా పోలేదు, ఎందుకు పోతుంది? తప్పిన స్వరాన్ని సరిచేసే ఆటోట్యూన్ అనే సాఫ్ట్‌వేర్ 1997లోనే వచ్చింది. దాన్ని కనిపెట్టిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు చమురు నిల్వల కోసం భూమి లోపలి ధ్వని తరంగాల లెక్కలు కట్టేవాడు. ఆయన లెక్కకి తప్పిన స్వరం దొరుకుతుంది. "కల" కాస్తా "కాల" అయితే దానికేం పట్టింది?

మూడో పాట నన్ను ఇంకా బాధపెట్టింది. "ఏటి ఒడ్డున వేప కొమ్మలు". తొడ మీద తాళం వేసి చదువు: తకిట తకధిమి, తకిట తకధిమి. మూడు, నాలుగు, మూడు, నాలుగు. గురజాడ ముత్యాల సరాల నడక, నీకు తెలియకుండానే పడింది! మరి ఏం చేశావు? చాలా సాఫ్ట్‌వేర్లు తెరవగానే నిమిషానికి 120 దెబ్బలు, నాలుగేసి చొప్పున సిద్ధంగా ఉంటాయి. తిరిగి తిరిగి అదే మోగే ఆ తాళం ముక్కలో, ఆ లూపులో కుక్కావు. ఇప్పుడది "ఏటీ ఒడ్డున వేపా కొమ్మలు" అయి కూర్చుంది. మూడూ నాలుగూ కలిసి ఏడుగా నడిచే మిశ్రగతి లూపు కావాలంటే వెతుక్కోవాలి, నువ్వు వెతకలేదు.

నేను మద్రాసు కోడంబాకంలో, సినిమా పాటలు రాసే ఒక పెద్ద కవిగారికి సహాయకుడిగా ఉన్న రోజుల్లో వాద్యబృందం, గాయకుడు కలిసి పాట మొత్తం ఒకే టేకులో పూర్తిచేసేవారు. ఎవరు తప్పినా మళ్లీ మొదటికి. ఓసారి గాయకుడు చరణం మధ్యలో ఆగి, "కవిగారూ, ఇక్కడ ఊపిరెక్కడ తీసుకోను?" అన్నాడు. వయొలిన్ల వాళ్లంతా కమానులు దించి మావైపు చూశారు. ఆయన పక్కకెళ్లి, పెదాలు కదుపుతూ, రెండు ద్విత్వాక్షరాలు తీసేసి ఒక దీర్ఘం పెట్టి తిరిగొచ్చారు. చదువుకున్న ఛందస్సు కంటే ఆ మధ్యాహ్నం నాకు ఎక్కువ నేర్పింది. ఇప్పుడు లైను లైనుగా పాడించి అతికిస్తారు, ఊపిరి చప్పుడు కూడా కోసి పారేస్తారు. నిన్ను ఆ ప్రశ్న అడిగేవాడెవడు?

అడగరు సరికదా, ఈమధ్య ఒక ఆడియో కంపెనీ కుర్రాడు ఫోన్ చేసి "చరణాలు వద్దు సార్, రీల్‌కి హుక్ లైను చాలు" అన్నాడు. అందులో ఒక ఇంగ్లీషు మాట ఉండాలట! పూర్వం పత్రికల వాళ్లు "పాటలు మేం వేయం, కవిత్వం పంపండి" అని తిప్పికొట్టేవారు. వాళ్లే నయం, చరణాలు చదివాకే తిప్పికొట్టేవారు.

కీబోర్డులో శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి అన్నీ తెల్ల మెట్ల మీదే వాయిస్తానని గొప్పగా రాశావు. నీ పాట ఏ శ్రుతిలో ఉందని ఎవరైనా అడిగితే బటన్ చూసి చెబుతావన్నమాట. పోనీలే.

యాప్ తీసేయమనను. నేనూ ఫోన్‌లో తంబూర పెట్టుకునే రాస్తాను. కానీ మూడో పాటని లూపు లేకుండా, చేత్తో తాళం వేస్తూ నీ గొంతుతో పాడి పంపు. గొంతు బాగుండక్కర్లేదు, నా గొంతు విన్నవాళ్లే బతికున్నారు. రెండో చరణంలో "నిర్నిద్ర నిశ్శబ్ద నిట్టూర్పు" దగ్గర ఆగకుండా పాడగలిగితే ఆ ముక్క ఉంచుకో. ఆదివారం లోపు పంపితే మంచిది, సోమవారం నేను విజయవాడ వెళుతున్నాను.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య