డబ్లిన్‌లో చరిత్ర చదివితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి డబ్లిన్‌లో ఎంఏ చరిత్ర చదువుతోంది. ఎప్పుడో రద్దయిన కాషెల్ అనే పార్లమెంటు నియోజకవర్గం మీద థీసిస్ రాస్తుందట. లోన్ తీసి పంపాం. పక్కింటివాళ్లబ్బాయి చేరిన డేటా అనలిటిక్స్‌కి మారమంటే వినదు. రెండింట్లో ఏది మేలు?
– ఓ తండ్రి, గుంటూరు

జవాబు: కాషెల్ పేరు చెప్పి మీరు అడుగుతున్నది ఈఎంఐ సంగతి. ముందు దాని గురించే చెబుతాను. ఐర్లండ్‌లో మాస్టర్స్ పూర్తి చేసినవాళ్లు, సబ్జెక్టు ఏదైనా సరే, స్టాంప్ 1జి అనే నివాస అనుమతి మీద 24 నెలల దాకా అక్కడే ఉండి ఉద్యోగం వెతుక్కోవచ్చు.

ఇక టాపిక్. టిప్పరరీ కౌంటీలోని ఈ చిన్న ఊరికి డబ్లిన్ పార్లమెంటులో 2 సీట్లుండేవి. 1801లో బ్రిటన్‌తో విలీనమయ్యాక లండన్‌లో 1 మిగిలింది. తర్వాత ప్రధాని అయిన రాబర్ట్ పీల్ 1809లో, 21 ఏళ్లకే, ఇక్కడి నుంచే సభకు వెళ్లాడు. అప్పుడు ఓటర్లు రెండు డజన్లు! 1832 సంస్కరణతో ఏడాదికి 10 పౌండ్ల అద్దె విలువున్న ఇంట్లో ఉండేవాళ్లకూ ఓటొచ్చింది. రహస్య ఓటింగ్ మాత్రం 1872 దాకా రాలేదు. డబ్బిచ్చినవాడు ఓటెటు పడిందో అక్కడే చూసుకునేవాడు. ఓట్లు కొన్నందుకు 1868 ఎన్నిక చెల్లదని తీర్పొచ్చింది, రాయల్ కమిషన్ విచారణ జరిగింది, 1870లో స్లైగోతో పాటు కాషెల్ సీటునే ఎత్తేశారు. నోటుకు ఓటు సంగతి మనకు ఒకరు చెప్పాలా?

ఈ థీసిస్‌లో అసలు కష్టం లెక్కలది. కమిషన్ వాంగ్మూలాల్లోని ఓటర్ల పేర్లను గ్రిఫిత్ వాల్యుయేషన్‌లోని (పన్ను కోసం ఆ శతాబ్దం మధ్యలో ఇళ్లకూ భూములకూ విలువ కట్టిన జాబితా) ఇళ్లతో జతచేయాలి. పేరొక్కటే చూసి కలిపితే ముగ్గురు ర్యాన్‌లు ఒకడైపోతారు; టిప్పరరీలో ఆ ఇంటిపేరు అంత ఎక్కువ. అందుకే వీధి, ఇంటి విలువ కూడా సరిచూడాలి. జనాభా లెక్కలతో పోలుద్దామంటే 1821–51 కాగితాలు దాదాపు అన్నీ 1922లో డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ అనే కోర్టు భవనాల మంటల్లో పోయాయి. 1861–91వి ప్రభుత్వమే నాశనం చేయించింది.

మీరు మారమంటున్న కోర్సులో నేర్పేదీ ఇలాంటి డేటా శుభ్రం చేయడమే. కాకపోతే అక్కడ చేతికిచ్చే డేటా చాలాసార్లు ముందే శుభ్రం చేసి ఉంటుంది. పక్కింటివాళ్లబ్బాయి చేరాడని మీ అమ్మాయిని చేర్చడం సలహా కాదండీ, పంతం. ఇష్టంలేని కోర్సులో అత్తెసరు మార్కులతో బయటపడితే లోన్ మీరే కట్టాలి.

ఆమెను ఒక్కటే అడగండి: ఓటర్ల పట్టికను ఎక్సెల్‌లో, ప్రతి వరుసకూ ఆధారం రాసి, సీవీతో పాటు చూపించేలా చేస్తోందా అని. చేస్తుంటే యూసీడీలో (యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్) ఆర్కైవ్స్, అంటే పాత రికార్డుల నిర్వహణ, మాస్టర్స్‌కీ, ఇక్కడికి తిరిగొస్తే హైదరాబాద్ తార్నాకలోని తెలంగాణ రాష్ట్ర ఆర్కైవ్స్‌లో పరిశోధనకీ ఆ ఫైలే పనికొస్తుంది. చేయకపోతే ఈ వారమే మొదలెట్టమనండి.