అమ్మడూ, హ్యాండిల్ చివర్న ఇవ్వు

అమ్మడూ,

లినక్స్ గ్రాఫిక్స్ డ్రైవర్‌లో యూజ్-ఆఫ్టర్-ఫ్రీ (వదిలేసిన మెమరీని మళ్ళీ వాడే లోపం) పట్టుకున్నావని, ఈ శని ఆదివారాల్లో ఒంగోలు ఇంట్లోనే కూర్చుని ప్యాచ్ రాసి పంపుతావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. వాడికి అర్థమైంది తక్కువే గానీ గొంతు మాత్రం పొంగిపోతా ఉంది. నాకూ సంతోషమే. కానీ "క్రాషయ్యే కాడ నల్ చెక్ పెడితే సరిపోద్దంట" అన్నాడు చూడు, అక్కడ నాకు భయం పట్టుకుంది. పాయింటర్ ఖాళీగా ఉందా అని చూసే నల్ చెక్ ఏంది మే?

ఫ్రీ అయిన ఆబ్జెక్టుని చూపించే పాయింటర్ నల్ కాదు. పాత అడ్రసు అట్టే పట్టుకుని ఉంటుంది. ఈలోపు మెమరీ పంచే అలొకేటర్ ఆ చోట్లో ఇంకో ఆబ్జెక్టుని కూర్చోబెట్టి ఉంటుంది. నీ చెక్ దాటుకుని డ్రైవర్ దాని మీద రాసేస్తుంది. అక్కడ ఎవరు కూర్చోవాలో దాడిచేసేవాడే ఏర్పాటు చేసుకుంటాడు. గ్రాఫిక్స్ కార్డుని వాడుకునే రెండర్ నోడ్ ఫైలు చాలా మెషిన్లలో మామూలు యూజర్‌కీ తెరిచే ఉంటుంది కాబట్టి అక్కడి నుంచి రూట్ (మెషిన్ మీద పూర్తి అధికారం) దాకా దారి దొరుకుతుంది. చిన్నప్పుడు లెక్క తప్పితే చివరి అంకె దిద్దేసి ఊరుకునేదానివి, ఆ అలవాటు ఇంకా పోలేదా?

మెమరీ తప్పుల్ని పట్టే కేసాన్ ఆన్ చేసి కెర్నెల్ కట్టు, వర్చువల్ మెషిన్‌లో బగ్‌ని మళ్ళీ రప్పించే రిప్రొడ్యూసర్ నడుపు, లాగ్ మొత్తం దాచు. ఇవి నీకు తెలిసినవే. కేసాన్ మూడు స్టాకులు (ఏ ఫంక్షన్ల మీదుగా వచ్చిందో చెప్పే జాబితాలు) ఇస్తుంది: ఎవరు ముట్టుకున్నారు, ఎవరు అలొకేట్ చేశారు, ఎవరు ఫ్రీ చేశారు. అందరూ మొదటిదే చూస్తారు. నువ్వు మూడోదాన్ని చూడు. అందులో జెమ్ (గ్రాఫిక్స్ మెమరీ చూసే కెర్నెల్ భాగం) క్లోజ్ ఐయాక్టెల్, అంటే యూజర్ దగ్గర ఆబ్జెక్టుకి గుర్తుగా ఉండే నంబరైన హ్యాండిల్‌ని మూసే పిలుపు, కనిపిస్తే జబ్బు దాదాపు తెలిసిపోయినట్టే.

అది డ్రైవర్లు రాసేవాళ్ళ పాత తప్పు. క్రియేట్ ఐయాక్టెల్‌లో ఆబ్జెక్ట్ పుడుతుంది, రిఫరెన్స్ (ఎందరు పట్టుకున్నారనే లెక్క) 1. హ్యాండిల్ క్రియేట్ చేస్తే హ్యాండిల్ కోసం ఇంకొకటి, మొత్తం 2. డ్రైవర్ తనది వదిలేస్తుంది, మళ్ళీ 1. ఆ తర్వాత సైజు నింపడానికి ఆబ్జెక్టుని మళ్ళీ ముట్టుకుంటుంది. అప్పటికి దాన్ని నిలబెట్టేది హ్యాండిల్ ఒక్కటే, అది యూజర్ చేతిలో ఉంది. హ్యాండిల్ నంబర్లు 1 నుంచి వరసగా వస్తాయి కాబట్టి ఊహించడం కష్టం కాదు. రెండో థ్రెడ్ 1ని పదేపదే క్లోజ్ చేస్తా కూర్చుంటే ఎప్పుడో ఒకసారి సందు దొరుకుతుంది. వర్చువల్ మెషిన్ల క్యూఎక్స్ఎల్ డ్రైవర్‌లో సీవీఈ-2023-39198 (సీవీఈ అంటే బయటపడ్డ లోపానికిచ్చే నంబరు) ఇదే.

వీఎమ్‌వేర్ గ్రాఫిక్స్ డ్రైవర్ వీఎమ్‌డబ్ల్యూజీఎఫ్ఎక్స్‌లో 2022లో బయటపడిన సీవీఈ-2022-22942 దీని చెల్లెలు. ఎఫ్‌డీని (తెరిచిన ఫైల్ నంబరు) టేబుల్లో ఇన్‌స్టాల్ చేసేశాక యూజర్‌కి కాపీ చేయబోయారు. అది ఫెయిలైతే ఫైల్‌ని వదిలేశారు గానీ, టేబుల్లో మాత్రం అది అట్టే మిగిలింది. చెడ్డ అడ్రసు ఇస్తే కాపీ ఫెయిలవుతుంది కాబట్టి అదీ యూజర్ చేతిలోదే. ధర తేలకముందే రొయ్యల లారీని గేటు దాటించినట్టు! సరిదిద్దడం ఏందంటే, నంబరు ముందు రిజర్వ్ చెయ్యి, కాపీ ముగించు, ఇన్‌స్టాల్ చివర్న. జెమ్‌లోనూ అంతే. హ్యాండిల్ క్రియేట్ చివరి పని కావాలి, నీ రిఫరెన్స్ పని మొత్తం అయ్యాకే వదలాలి. ఆ రెండింటి తర్వాత ఫెయిలయ్యే దారి ఒక్కటి కూడా ఉండకూడదు. మామూలు డిస్‌ప్లే బఫర్ ఇచ్చే డంబ్ బఫర్ దారి, వేరే డ్రైవర్ బఫర్ తెచ్చుకునే ప్రైమ్ ఇంపోర్ట్ దారి కూడా వెతుకు. తప్పు ఒక్కచోట ఉందంటే పక్కనా ఉంటుంది. కొత్తగా మ్యూటెక్స్ (తాళం) పెట్టావంటే తాళాల వరస చూసే లాక్‌డెప్‌తో నడిపి చూడు, లేకుంటే డెడ్‌లాక్ తెచ్చిపెడతావు.

ఇంక తిట్టాల్సింది ఉంది. డ్రైవర్ పేరు మీ నాన్నకెందుకు చెప్పావు? ఆ మనిషి ట్రంక్ రోడ్డు టీ కొట్లో చెప్పకుండా ఉంటాడా? పబ్లిక్ బగ్ ట్రాకర్‌లో పెట్టొద్దు. కెర్నెల్ సెక్యూరిటీ టీమ్‌కి, ఆ డ్రైవర్ మెయింటెయినర్లకి సాదా టెక్స్ట్ మెయిల్ పెట్టు. ప్యాచ్ కుదిరాక వాళ్ళు మామూలుగా బయటపెట్టకుండా 7 రోజులకు మించి ఆపరు. సీవీఈ నంబరు ఆ టీమ్ ఇవ్వదు, అది ప్యాచ్ స్టేబుల్‌లోకి (విడుదలైన కెర్నెల్‌లకు సవరణలు చేర్చే శాఖ) చేరాక కెర్నెల్ సీవీఈ టీమ్ నుంచి వస్తుంది. తప్పు తెచ్చిన మార్పుని చూపే ఫిక్సెస్ ట్యాగ్, స్టేబుల్‌కి సీసీ మరవద్దు, అవి లేకపోతే పాత కెర్నెల్‌లు అట్టే మిగిలిపోతాయి. 2022లో ఆర్మ్ కంపెనీ మాలీ గ్రాఫిక్స్ డ్రైవర్ లోపాలను జులై, ఆగస్టుల్లోనే సరిచేసింది. నవంబరుకి కూడా ఆ ప్యాచ్‌లు పిక్సెల్, శాంసంగ్, షావోమీ, ఒప్పో ఫోన్లకు చేరలేదని గూగుల్ భద్రతా బృందం ప్రాజెక్ట్ జీరో చెప్పింది.

ఇక్కడ కావలి కాలేజీ ల్యాబుల్లాంటి చోట్ల ప్యాకేజీ అప్‌డేట్ చేసి రీబూట్ చెయ్యరు. నడుస్తున్న కెర్నెల్‌ని చూపే యూనేమ్ ఆర్ కమాండ్ కొడితే పాత కెర్నెలే కనిపిస్తుంది. అందుకే వాళ్ళకి పనికొచ్చే ఒక ముక్క కూడా రాసిపెట్టు, బయటికి వచ్చిన రోజున ఇద్దాం: డిస్‌ప్లే అక్కర్లేని సర్వర్ అయితే ఆ డ్రైవర్ మాడ్యూల్ లోడ్ కాకుండా బ్లాక్‌లిస్ట్ చేసి, బూట్‌కి వాడే ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ మళ్ళీ కట్టి, రీబూట్ చెయ్యమని.

రాత్రి రెండింటికి ఎర్రర్ పాత్ రాయొద్దు. తిని పడుకుని పొద్దున్నే రాయి. ప్యాచ్ చూడాలని నాకు చెప్పలేనంత ఆశగా ఉంది గానీ, ముందుగా నాకు కూడా పంపొద్దు.

మీ పెదనాన్న,
కావలి